త్రీడీ నేర్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?

పరీక్షలు అయిపోయిన వారం నుంచి నాకు ఒకే ప్రశ్న మూడు నాలుగు ఊళ్ల నుంచి వస్తుంది. మొన్న వేసవిలో కావలి నుంచి డిగ్రీ పూర్తి చేసిన ఒక అమ్మాయి అడిగింది. ఆమెకు బొమ్మలను నడిపించాలని, మాట్లాడించాలని కోరిక. ఒంగోలు నుంచి ఒక వడ్రంగి గారి అబ్బాయి అడిగాడు. వాళ్ల నాన్న సీఎన్‌సీ మెషీన్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కేది) కొన్నారు, తలుపుల మీద చెక్కడానికి డిజైన్లు కావాలి. నెల్లూరులోనే సివిల్ డిప్లొమా చేసిన కుర్రవాడు ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. ఎలివేషన్‌కు, అంటే ఇంటి ముందు రూపానికి, త్రీడీ బొమ్మ కూడా ఇస్తే నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయని అతని లెక్క. ముగ్గురూ అడిగింది మాత్రం ఒక్కటే: "బ్లెండర్ మంచిదా అండీ, మాయా మంచిదా?"

ముగ్గురికీ మూడు జవాబులు చెప్పాను. ఒకరికైతే ఆ రెండూ వద్దన్నాను. అలా ఎందుకు చెప్పానో ఇక్కడ రాస్తున్నాను. పదేళ్లకు పైగా నెల్లూరులో ఈ పనితోనే బతుకుతున్నవాడిగా నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. అవి ఎక్కడెక్కడ తలదూరుస్తాయో మీకే తెలిసిపోతుంది.

## ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న: మీరు తయారుచేసిన ఫైలు చివరికి ఎవరి చేతికి వెళ్తుంది? బిల్డర్‌కు కావలసింది గోడ మీద అతికించుకునే ఒక బొమ్మ, లేదా సెల్‌ఫోన్లో చూపించే వీడియో. అది ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారో ఆయనకు అనవసరం. హైదరాబాద్ స్టూడియోకు అలా కాదు. అక్కడ పదిమంది ఒకే ఫైలు మీద పనిచేస్తారు కాబట్టి వాళ్లు వాడేదే మీరూ వాడాలి. సీఎన్‌సీ మెషీన్‌కు దారి గీసిపెట్టే సాఫ్ట్‌వేర్‌కు ఎస్‌టీఎల్ (ఆకారం మాత్రమే ఉండే త్రీడీ) ఫైలు ఇస్తే చాలు, దానికి ఇష్టాయిష్టాలు లేవు. ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. తెలియకపోతే ఎన్ని పోలికలు చదివినా గుడిచుట్టూ తిరగడమే.

రెండోది మీ యంత్రం. కాలేజీ కోసం కొన్న ల్యాప్‌టాప్ చాలావరకు 8 జీబీ ర్యామ్‌తో, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఉంటుంది. నేర్చుకోవడానికి అది చాలు, సంపాదించడానికి చాలదు. కొత్త కంప్యూటర్ కొనేముందు ఉన్నదాంతో మూడు నెలలు గడపండి. ఆ మూడు నెలల్లో ఉత్సాహం తగ్గిపోతే కనీసం డబ్బయినా మిగులుతుంది. ఒక్కటి మాత్రం ఈ రోజే కొనండి: నడిమి చక్రం నొక్కగలిగే మౌసు. టచ్‌ప్యాడ్ మీద త్రీడీ నేర్చుకోవడం గరిటె లేకుండా పులిహోర కలపడం లాంటిది. అవుతుంది కానీ చెయ్యి కాలుతుంది.

మూడోది లైసెన్సు. ఉచితం అనే మాటకు ఈ రంగంలో మూడు నాలుగు అర్థాలున్నాయి. పూర్తిగా ఉచితం ఒకటి, విద్యార్థికి మాత్రమే ఉచితం ఇంకొకటి, సొంత సరదాకు ఉచితం మరొకటి. చివరి రెండింటితో చేసిన పనిని అమ్ముకోకూడదు. ఇక "క్రాక్", అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ సంగతి. నేనూ అలాగే మొదలుపెట్టాను, దాచడం ఎందుకు? ఒక అపార్ట్‌మెంటు వాక్‌త్రూ (లోపలంతా తిప్పి చూపించే వీడియో) అప్పగించాల్సిన ముందురోజు ఆ క్రాక్‌తో పాటు వచ్చిన వైరస్ నా హార్డ్ డిస్కును మింగేసింది. బిల్డర్ గారు తిట్టలేదు, ఇంకెప్పుడూ పిలవనూ లేదు. ఆ తర్వాత దాని జోలికి పోలేదు.

నాలుగోది, పాఠాలు దొరకడం. ఇరుక్కుపోయినప్పుడు అడగడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఈ విషయంలో బ్లెండర్‌కు దగ్గరలో మరేదీ లేదు, తెలుగులో కూడా.

పోలికకు మన చుట్టూ ఉన్న మూడు వస్తువులు తీసుకుంటాను. రొయ్యల చెరువులో తిరిగే ఏరేటర్ చక్రం, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరిచిన వంటగది గట్టు, నడుస్తున్న ఒంగోలు గిత్త. మొదటిది ఆకారం కట్టడానికి పరీక్ష, రెండోది రాయి రాయిలా కనపడటానికి, మూడోది ప్రాణం పోయడానికి.

## బ్లెండర్

1994లో నెదర్లాండ్స్‌లో ఒక చిన్న యానిమేషన్ స్టూడియో తన సొంత వాడకానికి రాసుకున్న ప్రోగ్రామ్ ఇది. తర్వాత దాన్ని అమ్మడానికి పెట్టిన కంపెనీ మూతపడింది. 2002లో దాని సృష్టికర్త టాన్ రోసెండాల్ వాడకందారులను చందాలు అడిగి, ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి, దాన్ని అందరి ఆస్తిగా విడుదల చేయించాడు. అప్పటి నుంచి ఉచితమే. నేర్చుకున్నా, అమ్ముకున్నా ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. రేపు ఏ కంపెనీ అయినా మనసు మార్చుకుంటుందేమోనన్న భయం లేదు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా సినిమా 'ఫ్లో' దీనిలోనే తయారైంది. "ఉచితంగా వచ్చేది పిల్లలాటకే" అనే పెద్దమనుషులకు ఆ ఒక్క మాట చాలు.

డౌన్‌లోడ్ మూడు నాలుగు వందల ఎంబీ. కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. పాత ల్యాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ తెరుచుకోకపోతే కంగారుపడకండి. 4.0 నుంచి గ్రాఫిక్స్ విషయంలో దాని కోరికలు పెరిగాయి, 3.6 దించుకుంటే చాలా పాత యంత్రాల్లో నడుస్తుంది, నేర్చుకునేవాడికి తేడా పెద్దగా తెలియదు. కీబోర్డుకు కుడివైపు అంకెల గడి లేకపోతే సెట్టింగ్స్‌లో 'ఎమ్యులేట్ నంప్యాడ్' టిక్కు పెట్టుకోండి. పై వరుస అంకెలే ఆ పని చేస్తాయి.

ఏరేటర్ చక్రం దీనిలో చాలా ముచ్చటగా వస్తుంది. ఎనిమిది రెక్కలు గీయక్కర్లేదు. ఒక్క రెక్క చేసి, ఖాళీ బిందువు ఒకటి పెట్టి, దాన్ని 45 డిగ్రీలు తిప్పి 'అర్రే' అనే మాడిఫయర్‌కు అప్పగిస్తే ఎనిమిదీ అవే వచ్చి కూర్చుంటాయి. రేపు రెక్కకు చిల్లులు పెట్టాలనిపిస్తే ఒక్కదానికి పెడితే చాలు. 48 ఫ్రేముల్లో (వీడియోలోని ఒక్కో నిశ్చల బొమ్మే ఫ్రేము) ఒక చుట్టు తిప్పడానికి 1వ ఫ్రేములో సున్నా, 49వ ఫ్రేములో 360 డిగ్రీలు కీ పెట్టండి, అంటే ఆ ఫ్రేముకు కోణం ఇంత అని గుర్తు పెట్టండి. 48 ఎందుకు కాదంటే, మొదటిదీ చివరిదీ ఒకే బొమ్మ కాబట్టి. 48కే పెడితే చుట్టు తిరిగినప్పుడల్లా ఒక ఫ్రేము తడబడుతుంది. కొత్తవాళ్లు ఇక్కడ తప్పక చేసే పొరపాటు ఇంకొకటుంది. బ్లెండర్ తనంతట తానుగా కదలికను మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ఆపుతుంది. మోటారు చక్రం అలా తిరగదు కదా, అందుకని 'లీనియర్' చేయాలి.

గ్రానైట్ దగ్గర దీని బలం ఇంకా తెలుస్తుంది. చీమకుర్తి నల్లరాయిలో మెరిసే చుక్కలు ఒక పరిమాణంలో ఉండవు, ఒక వరుసలో ఉండవు. నాయిస్, వొరొనాయ్ అనే రెండు నమూనాలను కలిపి ఆ చుక్కలను లెక్కతో పుట్టించవచ్చు. గట్టు ఎంత పొడుగైనా ఎక్కడా అదే ముక్క మళ్లీ వచ్చినట్టు కనపడదు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే వస్తుంది. నేను మూడు రోజులు కూర్చున్నాను, అది వేరే సంగతి.

గిత్త కూడా చేయవచ్చు. ఎముకలు పెట్టడం, వాటికి చర్మం అతికించడం, నడిపించడం అన్నీ ఉన్నాయి. మొదటి నడకకు ఇది ఏ మాత్రం తక్కువ కాదు.

ఇక ఇబ్బందులు. మొదటి రెండు వారాలు భయపెడుతుంది. తెర నిండా మీటలు, పని మొత్తం షార్ట్‌కట్‌ల మీద: జరపడానికి జీ, తిప్పడానికి ఆర్, పెంచడానికి ఎస్. ఇంటి ప్లాను పనికి మొండికేస్తుంది. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ ఫైలును నేరుగా తెరవదు, డీఎక్స్‌ఎఫ్ అనే రకం ఫైలుగా మార్చి విడిగా ఒక యాడ్‌ఆన్ పెట్టుకోవాలి. పైగా అది చేయలేని పని లేకపోవడం కూడా ఒక ఇబ్బందే. ఈ వారం శిల్పం, వచ్చే వారం పొగ, ఆపై వారం నీళ్లు అంటూ తిరిగి ఏదీ పూర్తి చేయని కుర్రవాళ్లను చాలామందిని చూశాను.

## మాయా

1998లో వచ్చింది, ఇప్పుడు ఆటోడెస్క్ కంపెనీ చేతిలో ఉంది. 2003లో ఆస్కార్ ఇచ్చే అకాడమీ నుంచే సాంకేతిక పురస్కారం అందుకుంది. పెద్ద స్టూడియోల్లో పాత్రలను నడిపించే పని చాలావరకు దీని మీదే జరుగుతుంది.

చక్రం, గట్టు దీనిలోనూ వస్తాయి, వాటి కోసం మాయా నేర్చుకోనక్కర్లేదు. గిత్త దగ్గరే దీని పనితనం. ఒంగోలు గిత్త నడిస్తే శరీరం ఒక లయలో, మూపురం ఒక క్షణం ఆలస్యంగా, గంగడోలు ఇంకొంచెం ఆలస్యంగా ఊగుతాయి. ఆ ఆలస్యాలను గ్రాఫ్‌లో గీతలుగా చూసి, పట్టుకుని సవరించే పద్ధతి మాయాలో ఎంతో నలిగి నునుపైంది. బ్లెండర్‌లోనూ ఆ గ్రాఫ్ ఉంది కానీ, రోజుకు పదిగంటలు అదే పని చేసేవాళ్లు మాయానే ఎంచుకుంటారు. స్టూడియో వాళ్ల సొంత పనిముట్లు కూడా ఏళ్ల తరబడి దీని చుట్టూ అల్లుకుని ఉంటాయి. అందుకే ఒక్కసారిగా వదలరు.

ధర మాత్రం సొంతంగా నేర్చుకునేవాడికి అందేది కాదు, ఏటేటా చందా కట్టాలి. గుర్తింపు పొందిన కాలేజీలో చదువుతున్నట్టు కాగితం చూపిస్తే ఏడాదిపాటు ఉచితం, చదువు ఉన్నంతకాలం పొడిగించుకోవచ్చు. డిగ్రీలో ఉన్నవాళ్లు ఈ అవకాశాన్ని వదులుకోవద్దు. చదువు అయిపోయాక నాలాంటివాళ్ల దగ్గరకు వచ్చి ఉపయోగం లేదు. 16 జీబీ ర్యామ్ లేకపోతే దీన్ని పెట్టుకుని మీ ల్యాప్‌టాప్‌ను హింసించకండి.

ఇంకో మాట. "మాయా కోర్సు" అని బోర్డు పెట్టి పెద్ద మొత్తం ముందే కట్టించుకునేవాళ్లు ఉన్నారు. నాకు తెలిసిన ఒక కుర్రవాడు అలా కట్టి, ఆరు నెలలు మీటల పేర్లు నేర్చుకుని బయటికొచ్చాడు. బంతి ఎగిరించమంటే ఎగిరించలేకపోయాడు. ఫీజు కట్టేముందు అక్కడి పాత విద్యార్థులు చేసిన పది సెకన్ల యానిమేషన్ చూపించమని అడగండి. చూపించకపోతే టీ తాగి వచ్చేయండి.

## ఇళ్ల పనికి: స్కెచప్, త్రీడీఎస్ మ్యాక్స్

ప్లాన్లు గీసే కుర్రవాడికి నేను బ్లెండర్ వద్దు, మాయా వద్దు అని చెప్పింది ఇందుకే.

స్కెచప్‌ను ఒక్క సాయంత్రంలో పట్టుకోవచ్చు. గీత గీసి, ముఖాన్ని పట్టుకుని లాగితే గోడ లేస్తుంది. అడుగులు, అంగుళాలు టైపు చేస్తే ఖచ్చితంగా అంతే వస్తుంది. సోఫాలు, తలుపులు, కుండీలు అన్నీ దాని ఉచిత గిడ్డంగిలో దొరుకుతాయి. బ్రౌజర్‌లో నడిచే ఉచిత రూపం ఉంది. సొంత నేర్చుకోలుకు సరే, ఆటోక్యాడ్ ఫైలు అందులో తెరుచుకోదు, సంపాదనకు వాడకూడదు. డబ్బు తీసుకునే రోజు వచ్చినప్పుడు చందా కట్టాలి. 2000లో మొదలై, 2006లో గూగుల్ చేతికి, 2012లో ట్రింబుల్ అనే కంపెనీ చేతికి మారింది. గూగుల్ చేతిలో ఉచిత రూపం వచ్చింది, ట్రింబుల్ చేతిలో ఉచితం అన్న మాట ఒక మెట్టు దిగింది, అది గుర్తుపెట్టుకోండి.

దీనిలో గ్రానైట్ అంటే రాయి ఫోటో ఒకటి తెచ్చి పలకల్లా పరచడం. పెద్ద గట్టు మీద అదే చుక్క మళ్లీమళ్లీ కనపడి నకిలీ బయటపడుతుంది. మంచి స్కాన్ ఫోటో ఉంటే చాలావరకు దాచవచ్చు. నెల్లూరు బిల్డర్లలో ఆ తేడా పట్టుకున్నవాళ్లను నేను ఇద్దరిని చూశాను, ఇద్దరూ గ్రానైట్ వ్యాపారం చేసి వచ్చినవాళ్లే. చక్రం చేయవచ్చు, తిప్పడం ప్రయాస. గిత్త ఊసే ఎత్తకండి. స్కెచప్‌లో కదిలేది ముఖ్యంగా కెమెరా మాత్రమే, ఇల్లంతా తిప్పి చూపించడానికి అది చాలు.

త్రీడీఎస్ మ్యాక్స్ ఇదే దారిలో ముందున్న ఊరు. విండోస్ మీద మాత్రమే నడుస్తుంది. వీ-రే, కరోనా అనే రెండర్ ఇంజన్లతో (మోడల్‌ను ఫోటో లాంటి బొమ్మగా మార్చేవి) కలిపి మన దేశంలో ఇంటీరియర్ బొమ్మల పని విపరీతంగా దీని మీద జరుగుతుంది. చెన్నై, హైదరాబాద్ ఆఫీసుల నుంచి పని తెచ్చుకోవాలంటే ఉపయోగం. దీనికీ మాయాకు ఉన్నట్టే విద్యార్థి లైసెన్సు ఉంది. చందా, పైన రెండర్ ఇంజన్ చందా, ఆపైన మంచి యంత్రం, అన్నీ కలిపి లెక్క వేసుకుని దిగండి. స్కెచప్ మోడల్‌ను ట్విన్‌మోషన్ అనే రెండర్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లడం ఇంకో దారి. ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు అది ఉచితం. ఆ గీత దాటే బెంగ మనకెవరికీ లేదనుకుంటాను. మంచి గ్రాఫిక్స్ కార్డు మాత్రం తప్పదు.

## బడి పిల్లలకు, ఫోను మాత్రమే ఉన్నవాళ్లకు

బడి పిల్లలకు టింకర్‌క్యాడ్. బ్రౌజర్‌లో నడుస్తుంది, ఉచితం, దిమ్మెలు కలిపి దిమ్మెలు తీసేస్తూ వస్తువు చేయడం. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడిలో త్రీడీ ప్రింటర్ ఉంటే చేసింది చేతిలోకే వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులో మట్టిబొమ్మలా పిసకడానికి నోమాడ్ స్కల్ప్ట్ (ఒక్కసారి కొంటే చాలు), చిన్న యానిమేషన్లకు ప్రిజ్మాత్రీడీ ఉన్నాయి. చెయ్యి తిరగడానికి మంచివే. వాటితో ఉద్యోగం రాదు.

జీబ్రష్, హౌడినీ, సినిమా ఫోర్‌డీ గురించి కూడా అడుగుతారు. మొదటిది శిల్పానికి, రెండోది పొగ, నీళ్లు, పేలుళ్లకు, మూడోది ప్రకటనల్లో ఎగిరే అక్షరాలకు. గొప్పవే. మొదటి ఏడాది వాటిని పక్కన పెట్టండి.

## ఒక్క చూపులో

| సాఫ్ట్‌వేర్ | ఖర్చు | ఏరేటర్ చక్రం | గ్రానైట్ గట్టు | ఒంగోలు గిత్త | ఎవరికి |
|---|---|---|---|---|---|
| బ్లెండర్ | పూర్తిగా ఉచితం | చాలా బాగా | చాలా బాగా | బాగా | దాదాపు అందరికీ మొదటిది |
| మాయా | చందా. విద్యార్థికి ఉచితం | బాగా | బాగా | చాలా బాగా | స్టూడియో ఉద్యోగం కోరేవారికి |
| త్రీడీఎస్ మ్యాక్స్ | చందా; విద్యార్థికి ఉచితం | బాగా | చాలా బాగా | ఫర్వాలేదు | ఇంటీరియర్, వాక్‌త్రూ పనికి |
| స్కెచప్ | సొంత వాడకానికి ఉచితం. పనికి చందా | ఆకారం వరకు | ఫర్వాలేదు | వద్దు | ప్లాన్లు గీసేవారికి |
| టింకర్‌క్యాడ్ | ఉచితం | దిమ్మెగా | వద్దు | వద్దు | బడి పిల్లలకు |

## ఆ ముగ్గురికీ ఏమి చెప్పాను

సివిల్ కుర్రవాడికి స్కెచప్, ఆ సంగతి పైనే చెప్పేశాను. నెల తిరగకముందే మొదటి ఎలివేషన్ చూపించాడు. రంగులు మాత్రం కాస్త గాఢంగా కొడతాడు, పెళ్లి పందిరిలా.

ఒంగోలు అబ్బాయికి బ్లెండరే, కానీ అందులో శిల్పం చెక్కే భాగం మాత్రమే. యానిమేషన్ పాఠాల జోలికి పోవద్దన్నాను. తలుపు చెక్క మందం ఎంత, అందులో లోతు ఎంత వరకు తవ్వవచ్చు అన్నది వాళ్ల నాన్నగారికి ఏ సాఫ్ట్‌వేర్ కంటే బాగా తెలుసు. ముందు ఆయన పక్కన కూర్చోవాలి. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాను. ఎస్‌టీఎల్ ఫైలులో కొలత ప్రమాణం ఉండదు, అంకెలు మాత్రమే ఉంటాయి. బ్లెండర్ మీటర్లలో లెక్కపెడుతుంది, మెషీన్ వైపు సాఫ్ట్‌వేర్ మిల్లీమీటర్లని అనుకుంటుంది. నేను మొదటిసారి 0.3 మీటర్ల వినాయకుడిని పంపితే మెషీన్ తెర మీద 0.3 మిల్లీమీటర్ల వినాయకుడు కనపడ్డాడు. ఆవగింజలో సగం కూడా లేడు. ఎగుమతి చేసేటప్పుడు స్కేలు 1000 పెట్టాలి.

కావలి అమ్మాయిది అసలైన చిక్కు. ఆమెకు స్టూడియో ఉద్యోగం కావాలి, అంటే చివరికి మాయా తప్పదు. కానీ చదువు అయిపోయింది, విద్యార్థి లైసెన్సు రాదు, ఇంట్లో ఉన్నది 8 జీబీ ల్యాప్‌టాప్. బ్లెండర్‌లో ఆరు నెలలు యానిమేషన్ మాత్రమే చేయమన్నాను. మోడల్ కూడా సొంతంగా చేయవద్దు, సిద్ధంగా ఉన్న ఉచిత రిగ్‌లు (ఎముకలు పెట్టిన బొమ్మలు) తెచ్చుకోవాలి. మొదట బంతి, తర్వాత తోక ఉన్న బంతి, తర్వాత రెండు కాళ్ల నడక, ఆ తర్వాతే నాలుగు కాళ్లు. బరువు, ఆలస్యం, లయ చేతికి వస్తే మాయాకు మారడం నెల రెండు నెలల పని, మీటల చోటు మారుతుంది అంతే. లయ రాకుండా మాయా నేర్చుకున్నవాడికి ఆ నెలలు ఎన్నటికీ పూర్తికావు.

మోడలింగ్ వైపు వెళ్లేవాళ్లకు మొదటి వస్తువుగా ఉదయగిరి చెక్క గరిటె చేయమంటాను. అందరూ బ్లెండర్‌లో పేరున్న డోనట్ (తీపి వడ లాంటిది) చేసే పాఠంతో మొదలుపెడతారు, మంచి పాఠమే. కానీ గరిటె ఇంట్లో ఉంటుంది, చేతిలో పట్టుకుని తిప్పి చూడవచ్చు. కాడ ఎక్కడ సన్నబడుతుంది, గుంట అంచు ఎంత మందం అన్నది వేలికి తెలుస్తుంది. డోనట్ అయితే ఫోటోలో చూడాలి.

## రెండర్, కరెంటు, రోహిణి కార్తె

ఏది ఎంచుకున్నా ఈ లెక్క తప్పదు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 30 సెకన్లకు 720 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు 2 నిమిషాలు పడితే 24 గంటలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన వైపు ఒక ల్యాప్‌టాప్ 24 గంటలు ఆగకుండా పనిచేయాలంటే అది వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, 24 కాస్తా 40 అవుతుంది. కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వండి, రాత్రిపూట పెట్టండి.

మధ్యలో కరెంటు పోవడం ఖాయమనుకునే పనిచేయండి. ఫలితాన్ని వీడియోగా కాకుండా విడివిడి పీఎన్‌జీ బొమ్మలుగా రాయించండి. వీడియోగా రాస్తుంటే 412వ ఫ్రేములో కరెంటు పోతే ఫైలు మొత్తం పాడైపోవచ్చు. బొమ్మలుగా అయితే 411 భద్రంగా ఉంటాయి. బ్లెండర్‌లో 'ఓవర్‌రైట్' టిక్కు తీసేసి మళ్లీ రెండర్ నొక్కితే ఉన్నవాటిని వదిలేసి అక్కడి నుంచే అందుకుంటుంది. సగంలో తెగిన చివరి బొమ్మను మాత్రం ముందే తొలగించండి, లేకపోతే అది పూర్తయిందనుకుంటుంది.

కావలి అమ్మాయి పోయిన వారం తన గిత్త నడకను పంపింది. కాళ్లు బాగా పడుతున్నాయి, తల ఊపు కూడా కుదిరింది. మూపురం మాత్రం వీపుకు మేకు కొట్టినట్టు శరీరంతో పాటే కదులుతోంది. దాని కీలను రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా జరిపి, గంగడోలును ఇంకో రెండు ఆలస్యం చేసి మళ్లీ పంపమన్నాను.